లినక్స్ ల్యాప్‌టాప్‌లో టీపీఎం మొండికేస్తే: మా తమ్ముడికి ఫోన్లో చెప్పిన వైద్యం

2023 మే నెల, ఆదివారం సాయంత్రం. బెంగళూరు కె.ఆర్.పురంలో వాన దంచుతోంది, కరెంటు పోయింది, నేను బాల్కనీలో ఆరేసిన బట్టలు లాగుతున్నా. మా పిన్ని కొడుకు ఫోను. "అక్కా, నా ల్యాప్‌టాప్‌లో సెక్యూరిటీ చిప్పు పోయిందంట. స్క్రీన్ మీదే రాసింది."

వాడు మారతహళ్ళిలో పీజీలో ఉంటాడు. కింద ఆంధ్రా మెస్సు, పైన మూడో అంతస్తులో ముగ్గురికి ఒక గది. ఆ ఫిబ్రవరిలోనే ఇద్దరం ఎస్పీ రోడ్డుకి (బెంగళూరులో ఎలక్ట్రానిక్స్ కొట్ల వీధి) పోయి, నాలుగు కొట్లు తిరిగి, 24 వేలకి ఒక సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ బేరమాడి తెచ్చాం. కంపెనీ పేరెందుకులెండి. విండోస్ తీసేసి ఫెడోరా (ఒక రకం లినక్స్) వేసింది నేనే. డిస్కుకి తాళం పెట్టి, ఆ తాళం చిప్పుతోనే తెరుచుకునేట్టు చేసిందీ నేనే. కాబట్టి ఏం జరిగినా నేరం నాది, ఫోనూ నాకే.

వాట్సాప్‌లో ఫొటో పెట్టాడు. నల్లటి స్క్రీన్ మీద ఒక వరస: "టీపీఎం0: [ఫర్మ్‌వేర్ బగ్]: టీపీఎం ఇంటరప్ట్ నాట్ వర్కింగ్, పోలింగ్ ఇన్‌స్టెడ్." దాని కింద డిస్కు పాస్‌ఫ్రేజు అడుగుతూ కర్సర్ మిణుకుమంటోంది. నేను చదివేలోపే రెండో ఫొటో వచ్చింది. వాడు అప్పటికే బయాస్ (మిషను ఆన్ అవగానే ముందు నడిచే ప్రోగ్రాము) సెట్టింగుల్లోకి దూరి, "క్లియర్ సెక్యూరిటీ చిప్" అన్న చోట నిలబడి ఉన్నాడు. "ఇది నొక్కేదా అక్కా?"

"ముందు చెయ్యి తియ్యిరా ఆ కీబోర్డు మీద నుంచి!"

ఆ తర్వాత గంటన్నర ఫోన్లో చెప్పిందే ఇక్కడ రాస్తున్నా. మా ఆఫీసులో నలభై దాకా లినక్స్ ల్యాప్‌టాప్‌లు నా చేతి కింద ఉన్నాయి, అక్కడ తగిలినవి కూడా కలిపాను. కమాండ్లు ఫోన్లో పలికినట్టే తెలుగులో రాశాను. టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలి. కింది గీత ఉన్నచోట "అండర్‌స్కోర్" అని రాశాను, ఇబ్బంది పెట్టే పేర్లని విడివిడి అక్షరాలుగా చెప్పాను.

అసలు ఆ చిప్పు చేసేదేంటి

టీపీఎం అంటే ట్రస్టెడ్ ప్లాట్‌ఫామ్ మాడ్యూల్. 2021లో విండోస్ 11 వచ్చి "2.0 రకం ఉంటేనే ఎక్కుతా" అన్నాక అందరి నోటా పడింది గానీ, వస్తువు పాతదే. కొన్ని ల్యాప్‌టాప్‌లలో బోర్డు మీద గోరంత చిప్పు విడిగా ఉంటుంది. ఇన్ఫినియాన్, నువోటన్, ఎస్‌టీమైక్రో లాంటివాళ్ళు చేస్తారు. మిగతా వాటిలో విడి చిప్పంటూ ఉండదు, ఆ పని ప్రాసెసర్ తోటి ఫర్మ్‌వేరే (హార్డ్‌వేరులోనే కూర్చున్న సాఫ్ట్‌వేరు) చేస్తుంది. ఇంటెల్ దాన్ని పీటీటీ అంటుంది, ఏఎండీ ఎఫ్‌టీపీఎం అంటుంది. మీది ఏ రకమో ముందే తెలుసుకోండి, ఎందుకంటే విడి చిప్పుకి ఫర్మ్‌వేర్ అప్‌డేటు విడిగా వస్తుంది, ప్రాసెసర్‌లో ఉన్నదానికి బయాస్ అప్‌డేటుతోనే వస్తుంది.

దాని పని రెండు ముక్కల్లో చెప్తా. ఒకటి, తాళంచెవులు తన లోపలే పుట్టించి, అసలు చెవి బయటికి ఇవ్వకుండా దాచుకోవడం. రెండోది, మిషను ఆన్ అయ్యేటప్పుడు ఒక్కో మెట్టులో ఏది నడిచిందో దాని లెక్క రాసుకోవడం. ఆ లెక్కల గళ్ళని పీసీఆర్‌లు అంటారు. మామూలుగా 24 ఉంటాయి, 0 నుంచి 23 వరకు. 0వ గడిలో బయాస్ కోడు లెక్క, 7వ గడిలో సెక్యూర్ బూట్ (నమ్మిన బూట్ ఫైళ్ళనే నడవనిచ్చే కాపలా) సంగతులు. డిస్కు తాళాన్ని ఏ గడితో ముడిపెడితే, ఆ గడిలో లెక్క మారిన రోజున చిప్పు తాళం ఇవ్వదు. చిప్పు చెడిపోయి కాదు, దాని ఉద్యోగమే అది.

మా తమ్ముడి కథంతా ఈ చివరి రెండు వాక్యాల్లోనే ఉంది. కానీ అది తేలడానికి గంట పట్టింది.

ఏదీ ముట్టుకోకముందు

డిస్కు ఎన్‌క్రిప్ట్ చేసి ఉంటే, చిప్పు సాయం లేకుండా దాన్ని తెరిచే దారి మీ చేతిలో ఉందా? లేదంటే మిగతా పనులన్నీ పక్కన పెట్టి ఇది చూడండి. మిషను ఇంకా తెరుచుకుంటూ ఉంటే ఇప్పుడే చూసుకోండి:

సుడో క్రిప్ట్‌సెటప్ లక్స్‌డంప్ /డెవ్/ఎన్‌వీఎంఈ0ఎన్1పీ3

సుడో అంటే అడ్మిన్ హక్కుతో నడపమని. లక్స్‌డంప్ అంటే ఎల్, యు, కె, ఎస్ తర్వాత పెద్ద డి, ఆ మీద యు, ఎం, పి. చివరి పీ3 మా వాడి డిస్కుది, మీది వేరే కావచ్చు. ఎల్‌ఎస్‌బీఎల్‌కే అని కొడితే డిస్కు భాగాల పేర్లన్నీ చూపిస్తుంది. ఈ డంపులో "కీస్లాట్లు" అన్న చోట కనీసం రెండు ఉండాలి: ఒకటి చిప్పుది, ఒకటి మీరు చేత్తో కొట్టే పాస్‌ఫ్రేజుది. ఒక్కటే ఉండి, అది చిప్పుదే అయితే, ఇవాళే రెండోది వేసుకోండి. సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసులన్నీ నడిపే ప్రోగ్రాము) 248వ వెర్షన్ నుంచి ఉన్న సిస్టమ్‌డీ-క్రిప్ట్‌ఎన్‌రోల్ అనే కమాండుకి --రికవరీ-కీ అని తగిలించి, పక్కన డిస్కు భాగం పేరిస్తే పొడుగాటి రికవరీ కీ ఒకటి తయారుచేసి చూపిస్తుంది. దాన్ని కాగితం మీద రాసుకోవాలి. అదే ల్యాప్‌టాప్‌లో ఫొటో తీసి దాచుకున్న మహానుభావుణ్ణి ఒకణ్ణి చూశాను.

పక్కన విండోస్ కూడా ఉంటే బిట్‌లాకర్ రికవరీ కీ కూడా చేతిలో పెట్టుకోండి. 48 అంకెలు ఉంటాయి.

మా వాడి దగ్గర చిప్పు తాళం పనిచేయడం లేదు, పాస్‌ఫ్రేజు గుర్తులేదు. "ఏదో పెద్దదే పెట్టావు అక్కా నువ్వు" అన్నాడు. ఎస్పీ రోడ్డులో ఇచ్చిన గులాబీ రంగు బిల్లు వెనక బాల్‌పెన్నుతో రాయించాను కదా, అదెక్కడుందో వెతకమన్నా. పదిహేను నిమిషాలు సూట్‌కేసులు దొర్లించిన చప్పుడు. చివరికి ఇంజినీరింగ్ మార్కుల జాబితాల ప్లాస్టిక్ కవరులో దొరికింది. కొట్టాడు, తెరుచుకుంది. పైన వాన చప్పుడులో కూడా వాడి నిట్టూర్పు వినపడింది.

ఆ గీత ఏమంటోంది

లోపలికి వచ్చాక మొదటి పని, కెర్నల్ (లినక్స్ గుండెకాయ) టీపీఎం గురించి ఏమేం అందో మొత్తం చదవడం:

సుడో డీమెసేజ్ | గ్రెప్ -ఐ టీపీఎం

డీమెసేజ్ అంటే డి, ఎం, ఇ, ఎస్, జి. మధ్యలో నిలువు గీత, ఎంటర్ మీటకి పైనుండే కీ. ఇప్పుడు వచ్చిన వరసల్ని పాత రోజులతో పోల్చాలి, అసలు కిటుకు ఇక్కడుంది. జర్నల్‌సీటీఎల్ --లిస్ట్-బూట్స్ అని కొడితే మిషను ఆన్ అయిన రోజులన్నీ వరసగా చూపిస్తుంది. ఏ రోజు కావాలంటే ఆ అంకె ఇచ్చి:

సుడో జర్నల్‌సీటీఎల్ -కె -బి -40 | గ్రెప్ -ఐ టీపీఎం

నలభై బూట్ల వెనక, అంటే మార్చి చివర్లో ఏముందో చదవమన్నా. అక్షరం పొల్లుపోకుండా అదే "ఫర్మ్‌వేర్ బగ్" వరస. ఇంకా వెనక్కి, ఫిబ్రవరిలో నేను ఫెడోరా వేసిన రోజు. అక్కడా అదే. అంటే ఆ గీత మొదటి రోజు నుంచీ వస్తోంది. రోజూ చిప్పు తాళం తీసేస్తుంటే స్క్రీన్ క్షణంలో మారిపోయేది, వాడి కంటికి ఆనలేదు. ఆ రోజు తాళం తెరుచుకోక స్క్రీన్ ఆగింది, గీత కనపడింది, వీడు దాన్నే దొంగ అనుకున్నాడు.

ఆ వరసకి అర్థం ఇది. చిప్పు పని ముగించాక "అయిపోయింది" అని కెర్నల్‌కి గంట కొట్టాలి. దాన్నే ఇంటరప్ట్ అంటారు. ఆ గంట ఏ తీగ మీద వస్తుందో బయాస్ రాసిన పట్టికలో ఉంటుంది. కెర్నల్ పరీక్షించి చూస్తే గంట మోగలేదు. దాంతో ఇక తనే వెళ్ళి "అయిందా, అయిందా" అని అడుగుతూ ఉంటానంటోంది, అదే పోలింగ్. తప్పు బయాస్ పట్టికదని కెర్నల్ అంటోంది, చిప్పు చెడిపోయిందని కాదు. రోజువారీ వాడకంలో మీకు తేడా తెలియదు. ఎర్రగా రాసి భయపెట్టినంత మాత్రాన పట్టించుకోనక్కర్లేదు.

ఇట్లాంటిదే ఇంకొకటి, "ఏసీపీఐ రీజియన్ మొత్తం కమాండ్-రెస్పాన్స్ బఫర్‌ని కవర్ చేయడం లేదు" అని వచ్చే ఫర్మ్‌వేర్ బగ్గు. ప్రాసెసర్‌లో ఉండే రకానికి వస్తుంది. బయాస్ గీసిన హద్దు, చిప్పు చెప్పిన హద్దు కలవలేదన్నమాట. కెర్నల్ సర్దుకుని పని కానిస్తుంది. చిప్పు మామూలుగా పలుకుతుంటే దీన్నీ వదిలేయండి.

గంట మోగకపోతే నష్టం లేదన్నాను. మోగుతూనే ఉంటే మాత్రం ఉంది. ఈ ఫోను అయిన మరుసటి నెలలో 6.4 కెర్నల్ వచ్చింది, అందులో ఈ ఇంటరప్ట్ దారిని మళ్ళీ తెరిచారు. కొన్ని మోడళ్ళలో గంట ఆగకుండా మోగడం మొదలైంది. మా ఆఫీసులో ఒక ల్యాప్‌టాప్ ఏ పనీ చేయకపోయినా ఫ్యాను ఊదుతూ, ఒక కోరు ఊరికే మండుతూ కూర్చుంది. /ప్రాక్/ఇంటరప్ట్స్ ఫైలుని రెండుసార్లు, ఐదు సెకన్ల తేడాతో చూస్తే టీపీఎం వరసలో అంకె లక్షల్లో పెరిగిపోతోంది. మందు ఒకటే: కెర్నల్ కమాండ్ లైనులో

టీపీఎం అండర్‌స్కోర్ టీఐఎస్.ఇంటరప్ట్స్=0

అని చేర్చడం. ఉబుంటు, డెబియన్‌లలో /ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్ ఫైల్లో పెట్టి అప్‌డేట్-గ్రబ్ కొట్టాలి. ఫెడోరాలో గ్రబ్బీ ఉంది. తర్వాతి కెర్నళ్ళలో ఆ దారిని మళ్ళీ మూసే ఉంచారు, కావాలన్నవాళ్ళే తెరుచుకోవాలి. అందుకే కొత్త కెర్నల్ మీద మా వాడి గీత మీకు కనపడకపోవచ్చు. పాత ఎల్‌టీఎస్ (ఏళ్ళ తరబడి నడిపే) కెర్నల్ మీదుంటే కనపడుతుంది.

చిప్పు పలుకుతోందా

వరసలు చదివాక చిప్పునే పలకరించండి. టీపీఎం2-టూల్స్ ప్యాకేజీ వేసుకుని:

సుడో టీపీఎం2 అండర్‌స్కోర్ గెట్‌ర్యాండమ్ --హెక్స్ 8

ఏదో పదహారు అక్షరాల పిచ్చి వరస వస్తే చిప్పు బతికే ఉంది. సుడో లేకుండా కొట్టి "పర్మిషన్ డినైడ్" చూసి ఫర్మ్‌వేర్ పోయిందనుకునేవాళ్ళున్నారు. అది ఫర్మ్‌వేరు తప్పు కాదు, మీరు టీఎస్‌ఎస్ అనే గ్రూపులో లేరు, అంతే. సుడో యూజర్‌మాడ్ -ఏజీ (ఇందులో జీ మాత్రం పెద్దది) టీఎస్‌ఎస్ అని మీ పేరు చేర్చుకుని, లాగవుట్ అయ్యి రండి. ఇంకో మాట: /డెవ్/టీపీఎం0 కాకుండా /డెవ్/టీపీఎంఆర్‌ఎం0 వాడండి. ఆ ఆర్‌ఎం అంటే రిసోర్స్ మేనేజర్, ఇద్దరు ముగ్గురు ఒకేసారి చిప్పుని అడిగితే వరసలో నిలబెడుతుంది. అది లేకుండా నేరుగా పోతే లోపలున్న కాస్త జాగా నిండిపోయి 0ఎక్స్902 అన్న ఎర్రర్ వస్తుంది.

చేసినవాళ్ళెవరో, ఫర్మ్‌వేర్ ఏ వెర్షనో కావాలంటే టీపీఎం2 అండర్‌స్కోర్ గెట్‌క్యాప్ ప్రాపర్టీస్-ఫిక్స్‌డ్. మాన్యుఫ్యాక్చరర్ దగ్గర ఐఎఫ్‌ఎక్స్ అంటే ఇన్ఫినియాన్, ఎన్‌టీసీ అంటే నువోటన్, ఎస్‌టీఎం అంటే ఎస్‌టీమైక్రో, ఐఎన్‌టీసీ అంటే ఇంటెల్.

ఇక అంకెల ఎర్రర్లు. వీటిని చూసి దిగులుపడకుండా టీపీఎం2 అండర్‌స్కోర్ ఆర్‌సీ అండర్‌స్కోర్ డీకోడ్ అన్న కమాండుకి అంకె ఇస్తే మాటల్లో చెప్తుంది. కెర్నల్ మాత్రం పదుల లెక్కలో రాస్తుంది, టూల్సు పదహార్ల లెక్కలో రాస్తాయి. 256 అన్నా 0ఎక్స్100 అన్నా ఒకటే. మాటిమాటికీ తగిలేవి చెప్తా.

256: చిప్పుని ఇంకా ఎవరూ నిద్ర లేపలేదు. లేపాల్సింది బయాస్. లేపకపోతే కెర్నలే "స్టార్టింగ్ అప్ ద టీపీఎం మాన్యువల్లీ" అని రాసి లేపుతుంది. స్లీపు నుంచి లేచినప్పుడు ఇది తరచూ వస్తుంటే బయాస్ అప్‌డేటు వెతకండి. 2314: సెల్ఫ్ టెస్టు ఇంకా నడుస్తోంది, కాసేపాగి మళ్ళీ అడగమంటోంది. రెండూ ఒక్కసారి వచ్చి పోతే పట్టించుకోకండి.

257 వస్తే మాత్రం కూర్చోండి. చిప్పు ఫెయిల్యూర్ మోడ్‌లోకి వెళ్ళింది. తనని తాను పరీక్షించుకుని, ఏదో తేడా కనిపించి, తలుపులు మూసుకుంది. రీసెట్ అయితే గానీ అందులోంచి బయటికి రాదు, చాలాసార్లు మామూలు రీస్టార్టు సరిపోదు. చేయాల్సింది పూర్తిగా కరెంటు తీసేయడం. పూర్తిగా అంటే పూర్తిగానే. షట్‌డౌన్ చేయండి, స్లీపు కాదు. ఛార్జరు పీకండి, యూఎస్‌బీలో గుచ్చినవన్నీ పీకండి, డాకు ఉంటే అదీ. బ్యాటరీ ఊడేదైతే ఊడదీయండి. లోపల బిగించినదైతే, కొన్ని మోడళ్ళకి అడుగున పిన్నుతో నొక్కే చిన్న రంధ్రం ఉంటుంది, కొన్నిటికి బయాస్‌లోనే లోపలి బ్యాటరీని కాసేపు ఆపే మీట ఉంటుంది. ఆపైన పవర్ బటన్ 30 సెకన్లు నొక్కి పట్టుకోండి. నేను మెల్లగా అరవై దాకా లెక్కపెడతా, తొందరగాళ్ళ ముప్పై ఎప్పుడూ పన్నెండే. ఓ పది నిమిషాలు వదిలేసి, ఛార్జరు పెట్టి ఆన్ చేయండి. ఆఫీసులో 257 వచ్చిన రెండు మిషన్లూ ఇట్లానే కోలుకున్నాయి.

అసలు /డెవ్/టీపీఎం0 అన్నదే లేకపోతే సిస్టమ్‌డీ-క్రెడ్స్ హ్యాజ్-టీపీఎం2 అని కొట్టండి. ఫర్మ్‌వేర్, డ్రైవర్, సిస్టమ్ అని ఒక్కోదాని ముందు ప్లస్సో మైనస్సో పెడుతుంది. ఫర్మ్‌వేర్ ముందు మైనస్ ఉంటే బయాస్‌లో చిప్పుని ఎవరో ఆపేశారు. సెకండ్‌హ్యాండ్ మిషన్లలో ఇది మామూలే, అమ్మేవాళ్ళు బయాస్‌ని ఎట్లా పడితే అట్లా వదిలేస్తారు. సెక్యూరిటీ చిప్, టీపీఎం డివైస్, పీటీటీ, ఎఫ్‌టీపీఎం, ఏ పేరుతో ఉన్నా వెతికి ఆన్ చేయాలి. డ్రైవర్ ముందు మైనస్ ఉంటే కెర్నల్ సంగతి. ఇక "ఐఎంఏ: నో టీపీఎం చిప్ ఫౌండ్" అన్న ఒక్క వరస చూసి నమ్మొద్దు. ఐఎంఏ అంటే నడిచే ఫైళ్ళ లెక్క చూసే కెర్నల్ భాగం. టీపీఎం డ్రైవరు ఆలస్యంగా లోడయ్యే మిషన్లలో చిప్పు ఉన్నా ఐఎంఏ ముందే తొందరపడి అట్లా అనేస్తుంది.

0ఎక్స్921 అంటే లాకౌట్. తప్పు పిన్ను చాలాసార్లు కొట్టారు, చిప్పు అలిగింది. ఒక్కోసారి పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేసినా తప్పు లెక్క ఒకటి పెరుగుతుంది. టీపీఎం2 అండర్‌స్కోర్ గెట్‌క్యాప్ ప్రాపర్టీస్-వేరియబుల్‌లో లాకౌట్ కౌంటర్ ఎంతుందో, ఎన్ని సెకన్లకి ఒకటి తగ్గుతుందో కనపడుతుంది. మిషను ఆన్‌లోనే ఉంచి ఆగడం తేలిక. ఆగలేకపోతే సుడో టీపీఎం2 అండర్‌స్కోర్ డిక్షనరీలాకౌట్ --క్లియర్-లాకౌట్. ఇంతకు ముందు ఎవరూ లాకౌట్ పాస్‌వర్డ్ పెట్టకపోయుంటే వెంటనే పనిచేస్తుంది.

మా వాడి దొంగ

ఫొటోలోని గీత దొంగ కాదని తేలింది, చిప్పు పలుకుతోంది, లాకౌట్ లేదు. మరి తాళం ఎందుకు తెరుచుకోలేదు? "నిన్న రాత్రి ఏమన్నా చేశావా?" అని అడిగితే, "ఏం చేయలేదక్కా" అన్నాడు. ఎవరైనా మొదట అదే అంటారు. ఫర్మ్‌వేర్ అప్‌డేట్లు చూసే కమాండు, ఎఫ్‌డబ్ల్యూయూపీడీఎంజీఆర్ గెట్-హిస్టరీ కొట్టి చదవమన్నా. శనివారం రాత్రి పదకొండున్నరకి యూఈఎఫ్ఐ డీబీఎక్స్ అప్‌డేటు సక్సెస్. సాఫ్ట్‌వేర్ అన్న ఐకాన్‌లో "అప్‌డేట్" కనపడితే నొక్కి పడుకున్నాడట.

డీబీఎక్స్ అంటే సెక్యూర్ బూట్ బ్లాక్‌లిస్టు. నమ్మకూడని బూట్ ఫైళ్ళ చిట్టా. అది పెరిగినప్పుడల్లా 7వ పీసీఆర్‌లో లెక్క మారుతుంది. నేను తాళాన్ని ముడిపెట్టింది సరిగ్గా 7కే. జర్నల్‌లో సిస్టమ్‌డీ-క్రిప్ట్‌సెటప్ రాసిన వరస చూస్తే, ఇప్పటి పాలసీ డైజెస్టు (గళ్ళ లెక్క సారం) దాచినదానితో కలవడం లేదు, మామూలు పాస్‌ఫ్రేజు అడుగుతున్నానని చెప్పింది. మీకు ఇదే 0ఎక్స్99డీ అన్న అంకెతో కూడా కనపడవచ్చు, పాలసీ తప్పిందని అర్థం. 0వ గడికి కూడా ముడిపెట్టుకున్నవాళ్ళకి బయాస్ అప్‌డేటు చేసిన ప్రతిసారీ ఈ కథే.

మందు, పాత ముడి విప్పి కొత్త లెక్కతో మళ్ళీ వేయడం:

సుడో సిస్టమ్‌డీ-క్రిప్ట్‌ఎన్‌రోల్ --వైప్-స్లాట్=టీపీఎం2 --టీపీఎం2-డివైస్=ఆటో --టీపీఎం2-పీసీఆర్స్=7 /డెవ్/ఎన్‌వీఎంఈ0ఎన్1పీ3

అప్‌డేటు అయ్యాక ఒకసారి రీస్టార్టు చేసి, కొత్త లెక్క చిప్పులో పడ్డాకే ఈ కమాండు కొట్టాలి. ముందే కొడితే పాత లెక్కకే మళ్ళీ ముడిపడుతుంది, మీరు నన్ను తిట్టుకుంటారు. మా వాడు డివైస్ అని కొట్టడంలో రెండుసార్లు తప్పాడు, మూడోసారి కుదిరింది. రీస్టార్టు చేస్తే పాస్‌ఫ్రేజు అడగకుండా లోపలికి పోయింది. "అక్కా, ఆ ఫర్మ్‌వేర్ బగ్ మళ్ళీ మెరిసింది!" అన్నాడు. ఇప్పుడు దానికోసమే కళ్ళు పెట్టుకు చూస్తున్నాడు మరి.

ఫర్మ్‌వేర్ నిజంగా మార్చాల్సి వస్తే

ఎఫ్‌డబ్ల్యూయూపీడీ (ఫర్మ్‌వేర్ అప్‌డేట్లు తెచ్చే సర్వీసు) ఉంది కాబట్టి లినక్స్‌లో ఇప్పుడు ఇది పెద్ద పని కాదు. ఎంజీఆర్ కమాండు పక్కన గెట్-డివైసెస్ కొడితే టీపీఎం విడిగా కనపడుతుందో లేదో తెలుస్తుంది, రిఫ్రెష్, ఆపైన గెట్-అప్‌డేట్స్, ఆపైన అప్‌డేట్. ఛార్జరు గుచ్చి ఉంచండి. బెంగళూరు మే వానల్లో అయితే కరెంటు పోయినా తట్టుకునేంత బ్యాటరీ ఉందో కూడా చూసుకోండి. మీ మోడలు అందులో లేకపోతే తయారీవాళ్ళ సైటులో బయాస్ ఫైలు వెతకాలి.

అవసరమా అంటే, ఒక్కోసారి చాలా అవసరం. 2017 అక్టోబరులో చెక్ దేశంలోని మసరిక్ యూనివర్సిటీవాళ్ళు రోకా అన్న లోపం బయటపెట్టారు. ఇన్ఫినియాన్ చిప్పుల లైబ్రరీ పుట్టించిన ఆర్‌ఎస్‌ఏ తాళంచెవులు బలహీనమైనవని తేలింది. ఫర్మ్‌వేర్ మార్చినంత మాత్రాన పాత చెవులు బాగుపడవు, పారేసి కొత్తవి చేయాలి. 2019లో టీపీఎం-ఫెయిల్ అన్న ఇంకో లోపం వచ్చింది, అందులో ఇంటెల్, ఎస్‌టీమైక్రో రెండూ ఉన్నాయి. ఎస్పీ రోడ్డు మాలులో ఆ కాలపు మిషన్లు ఇంకా తిరుగుతుంటాయి, కొన్న రోజే వెర్షను చూసుకోవడం నా అలవాటు.

ఏఎండీ మిషన్లో పాట వింటుంటే, మౌసు కదుపుతుంటే మధ్యమధ్య గతుక్కుమంటోందా? 6.1 కెర్నల్ నుంచి లినక్స్ ఆ ఎఫ్‌టీపీఎంని ర్యాండమ్ నంబర్ల కోసం పదేపదే అడగడం మొదలెట్టింది, అది జవాబివ్వడానికి ఆగినప్పుడల్లా మిషనంతా ఆగేది. 2023లో 6.5 కెర్నల్‌లో ఆ అడగడాన్నే ఆపేశారు. కెర్నల్ మార్చండి, చాలు.

ఇక క్లియర్. వాడు నొక్కబోయిన మీట. నొక్కితే డిస్కులో ఫైళ్ళు చెరిగిపోవు, ఆ మాట నిజమే. చిప్పులో దాచిన తాళాలు పోతాయి: డిస్కు ముడి, విండోస్ హలో పిన్ను, ఆఫీసువాళ్ళు పెట్టిన సర్టిఫికెట్లు, ఎస్ఎస్‌హెచ్ చెవులు అందులో పెట్టి ఉంటే అవీ. చేతిలో పాస్‌ఫ్రేజు ఉన్నవాడికి పది నిమిషాల పని పెరుగుతుంది. లేనివాడికి డిస్కు రాయి అవుతుంది. కొన్ని కంపెనీల విడి చిప్పులకి ఫర్మ్‌వేర్ మార్చాలంటే ముందు క్లియర్ చేయక తప్పదు. సెకండ్‌హ్యాండ్ మిషను కొన్నరోజు, డిస్కులో మనది ఏదీ లేనప్పుడు, నేనైతే ఒకసారి క్లియర్ చేసే మొదలుపెడతా, పాత యజమాని లాకౌట్ పాస్‌వర్డూ గీస్‌వర్డూ అన్నీ పోతాయి. ఈ రెండు సందర్భాలు తప్ప ఆ మీట జోలికి పోను.

అన్నీ చేసినా 257 పోకపోతే, లేదా బయాసే చిప్పు లేదంటే, అది నిజంగానే పోయింది. బోర్డు పనివాళ్ళు మారుస్తామంటారు. 24 వేల మిషనుకి ఆ ఖర్చు నేను పెట్టను. బయాస్‌లో చిప్పుని ఆపేసి, /ఈటీసీ/క్రిప్ట్‌ట్యాబ్‌లో టీపీఎం2-డివైస్=ఆటో అన్న ముక్క తీసేసి, డ్రాకట్ -ఎఫ్ (బూట్ ఇమేజిని మళ్ళీ తయారుచేసే కమాండు) కొట్టి, రోజూ పాస్‌ఫ్రేజు చేత్తో కొట్టుకుంటే లినక్స్ హాయిగా నడుస్తుంది. ఎన్నో ఏళ్ళు అట్లానే నడిచింది.

ఫోను పెట్టేసే ముందు మా వాడితో రికవరీ కీ చేయించాను. ఎనిమిదేసి అక్షరాల ముక్కలు ఎనిమిది, మధ్యలో అడ్డగీతలు. చాలా దేశాల కీబోర్డుల్లో ఒకే చోట ఉండే పదహారు అక్షరాలే వాడతారు కాబట్టి ఓ అనే అక్షరమా సున్నానా అన్న గొడవ ఉండదు. గులాబీ బిల్లు కింద మిగిలిన జాగాలో రాయమన్నా. రాశానన్నాడు. చదివి వినిపించమన్నా. "ఇప్పుడా అక్కా, మెస్సులో చపాతీలు అయిపోతాయి" అన్నాడు. చదివించాను. ఐదో ముక్కలో ఏడక్షరాలే ఉన్నాయి.